బెంగళూరు – హైదరాబాద్: దూరం, విమాన ప్రయాణ సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, పండుగకో పెళ్లికో ఆఫీసు పనికో హైదరాబాదుకు తిరిగే తెలుగువారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. టికెట్టు మీద ఉన్న గంటా పావు చూసి రోజును లెక్కవేసుకున్నవారికి ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. ఆకాశంలో గడిపే సమయం కన్నా నేల మీద గడిపే సమయమే ఈ ప్రయాణంలో ఎక్కువ. అందుకే దూరం, సమయం అనే రెండు మాటలనూ కాస్త విడమరచి చెప్పవలసి వస్తోంది.

బెంగళూరు నుంచి హైదరాబాదుకు విమాన మార్గంలో ఎంత దూరం?

దేవనహళ్లి దగ్గర ఉన్న కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే దూరం సుమారు 453 కిలోమీటర్లు, అంటే దాదాపు 245 నాటికల్ మైళ్లు (విమానయానంలో వాడే కొలత; ఒక్కొక్కటి సుమారు 1.85 కిలోమీటర్లు). విమానం సరిగ్గా ఆ గీత మీదనే పోదు కాబట్టి, నిజంగా ఎగిరే దూరం రోజును బట్టి, రన్‌వే దిశను బట్టి దీనికంటే కొన్ని పదుల కిలోమీటర్లు ఎక్కువగానే ఉంటుంది.

ఒక్కోచోట ఒక్కో దూరం కనిపిస్తుంది. ఏది సరైనది?

అన్నీ సరైనవే, కొలిచిన చోట్లు వేరు. బెంగళూరు నగర మధ్యభాగం నుంచి హైదరాబాదు నగర మధ్యభాగానికి నేరుగా కొలిస్తే సుమారు 498 కిలోమీటర్లు వస్తుంది. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిస్తే 453. ఒకే ప్రయాణానికి 45 కిలోమీటర్ల తేడా ఎలా వచ్చిందంటే, బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, హైదరాబాదు విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉన్నాయి. రెండూ ఎదుటి నగరం వైపుకు జరిగి కూర్చున్నాయి.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ ఏడాది మే దాకా బెంగళూరు విమానాలు పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి బయలుదేరేవి. ఆ రెండింటి మధ్య దూరం సుమారు 505 కిలోమీటర్లు. మార్చి 23న శంషాబాదు, మే 24న దేవనహళ్లి పనిచేయడం మొదలుపెట్టాయి. రెండు నెలల వ్యవధిలో ఆకాశ మార్గం యాభై కిలోమీటర్లు తగ్గింది. కానీ ప్రయాణికుడికి ఆ దూరం తగ్గలేదు; ఆకాశంలో నిమిషాలలో దాటే దూరాన్ని ఇప్పుడు హెబ్బాళ ఫ్లైఓవర్ కింద, ఆరాంఘర్ చౌరస్తాలో గంటల తరబడి దాటవలసి వస్తోంది. ఈ మార్గం గురించి ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

రోడ్డు మార్గంలో దూరం సుమారు 570 కిలోమీటర్లు. చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా పోయే ఈ దారి పొడవునా 44వ నంబరు జాతీయ రహదారే. రెండు విమానాశ్రయాలూ ఈ ఒక్క రహదారికి పక్కనే ఉండటం చెప్పుకోదగిన విశేషం. రైలు మార్గం యశ్వంతపుర నుంచి కాచిగూడకు దాదాపు 610 కిలోమీటర్లు.

విమానంలో ఎంతసేపు పడుతుంది?

జెట్ విమానాలకు టికెట్టు మీద సాధారణంగా గంటా ఐదు నిమిషాల నుంచి గంటా ఇరవై నిమిషాల మధ్య సమయం వేస్తారు. ఇందులో చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి తిరిగి నేలను తాకేదాకా గడిచేది సుమారు 45 నుంచి 55 నిమిషాలే.

మిగిలిన సమయం ఎక్కడ పోయిందని చాలామంది అడుగుతారు. టికెట్టు మీద వేసే సమయాన్ని విమానయాన సంస్థల భాషలో బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం దగ్గర మొదలై, ఎదుటి విమానాశ్రయంలో తనకు కేటాయించిన చోట ఆగిన క్షణం దగ్గర ముగిసే సమయం అది. వెనక్కు నెట్టడం, ఇంజన్లు ఆన్ చేయడం, రన్‌వే దాకా నేల మీద నడవడం, ముందున్న విమానాల కోసం వరుసలో ఆగడం, దిగిన తరువాత గేటు దాకా రావడం అన్నీ ఇందులో భాగమే. బెంగళూరు వంటి రద్దీ విమానాశ్రయంలో ఒక్క ఈ నేల నడకకే పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది కదా, మరి 453 కిలోమీటర్లకు అరగంట చాలదా?

ఆ వేగం విమానం పూర్తి ఎత్తుకు చేరి, సమతలంగా ఎగురుతున్నప్పటి వేగం. ఈ మార్గంలో విమానం అలా ఎగిరేది చాలా కొద్దిసేపే.

దేవనహళ్లిలో లేచిన విమానం ముప్పై వేల అడుగుల పైచిలుకు ఎత్తుకు చేరడానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ లోపల అది 180, 190 కిలోమీటర్లు ముందుకు పోతుంది. దిగడానికి కూడా ఇంచుమించు అంతే దూరం కావాలి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ల దూరం అనేది పైలట్లు మనసులో వేసుకునే లెక్క. ముప్పై ఒక్క వేల అడుగుల నుంచి శంషాబాదుకు దిగాలంటే, ఆ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు రెండు వేల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, కనీసం 87 నాటికల్ మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి ఇంకొంత కలిపితే సుమారు 175 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి.

ఈ లెక్కను మనకు తెలిసిన ఊళ్ల మీద పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. విమానం అనంతపురం దాటేదాకా ఎక్కుతూనే ఉంటుంది. కర్నూలు రాకముందే దిగడం మొదలుపెడుతుంది. ఆ మధ్యలో, గుత్తి, డోన్ ఉన్న అక్షాంశాల మీదుగా పోయే కొద్ది నిమిషాలు మాత్రమే అది సమతలంగా, పూర్తి వేగంతో ఎగురుతుంది. అందుకే ఈ విమానాలలో సీటు బెల్టు దీపం ఆరీ ఆరగానే సిబ్బంది నీళ్లు, శాండ్‌విచ్‌ల బండితో హడావుడిగా బయలుదేరతారు. చివరి వరుసకు చేరేసరికే ముందు వరుసల ఖాళీ కప్పులు ఏరుకోవలసిన వేళ అవుతుంది.

రెండో కారణం రన్‌వేల దిశ. బెంగళూరులో రెండు, శంషాబాదులో ప్రధానమైనది, అన్నీ తూర్పు పడమరలుగా వేసినవే. మన ప్రయాణమేమో దక్షిణం నుంచి ఉత్తరానికి. అందువల్ల లేచిన విమానం ముందు తూర్పుకో పడమరకో కొంత దూరం పోయి తరువాత ఉత్తరానికి తిరగాలి. దిగేటప్పుడు మళ్లీ పక్కకు పోయి, రన్‌వేకు ఎదురుగా వచ్చేలా తిరగాలి. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి ఉంటుంది కనుక పడమర ముఖంగా, చలికాలంలో తూర్పు గాలి ఉంటుంది కనుక తూర్పు ముఖంగా ఎక్కువగా లేస్తాయి. ఈ మలుపులు ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాలను తింటాయి. రద్దీ ఎక్కువై, దిగేందుకు వంతు రాకపోతే ఆకాశంలోనే చుట్టు తిరగవలసి వస్తుంది.

చివరిగా, సంస్థలు ఈ అన్నింటికీ సరిపడేలా కొంత సమయం ముందే కలిపి వేస్తాయి. అంతా సవ్యంగా జరిగిన రోజున విమానం పది పదిహేను నిమిషాలు ముందుగా చేరిందని ప్రకటన వినిపించేది అందుకే.

పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ సమయంలో తేడా ఉంటుందా?

ఈ మార్గంలో తేడా స్వల్పం. పై ఎత్తులలో గాలులు ప్రధానంగా తూర్పు పడమరల మధ్య వీస్తాయి. ఉత్తర దక్షిణాలుగా పోయే విమానానికి అవి పక్క నుంచి తగులుతాయి కాబట్టి పెద్దగా సాయమూ చేయవు, అడ్డూ పడవు. టికెట్టు మీద ఐదు పది నిమిషాల తేడా కనిపిస్తే, అది గాలి వల్ల కన్నా ఆ వేళకు విమానాశ్రయంలో ఉండే రద్దీ వల్లనే అయి ఉంటుంది.

చిన్న రెక్కపంకాల (ప్రొపెల్లర్) విమానంలో టికెట్టు దొరికింది. దానికి ఎక్కువ సమయం పడుతుందా?

ఏటీఆర్ 72 రకం విమానం గరిష్ఠంగా గంటకు 500 కిలోమీటర్ల వేగంతో, జెట్ కన్నా చాలా తక్కువ ఎత్తులో పోతుంది. అయినా ఈ దూరానికి తేడా పదిహేను ఇరవై నిమిషాలకు మించదు, ఎందుకంటే జెట్‌కు తన వేగాన్ని పూర్తిగా చూపించే అవకాశమే ఇక్కడ లేదు. తక్కువ ఎత్తులో మేఘాల మధ్యగా పోవడం వల్ల ఎండాకాలపు మధ్యాహ్నాలలో కుదుపులు కాస్త ఎక్కువగా తెలుస్తాయి. చేతి సామాను పెట్టుకునే అరలు చిన్నవి కనుక చక్రాల పెట్టె పట్టకపోవచ్చు.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కవేస్తే మొత్తం ఎంత సమయం?

నిజానికి అందరూ మొదట అడగవలసిన ప్రశ్న ఇది. దీనికి జవాబు మీరు బెంగళూరులో ఎక్కడ ఉంటారు, హైదరాబాదులో ఎక్కడికి పోతారు అనే రెండు విషయాల మీదనే ఆధారపడుతుంది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నవారు కూకట్‌పల్లికి పోవాలనుకుందాము. విమానాశ్రయం సుమారు 55 కిలోమీటర్లు. పనిదినం సాయంత్రం సిల్క్ బోర్డు, అవుటర్ రింగ్ రోడ్డు, హెబ్బాళ దాటుకొని పోవడానికి రెండు గంటలు పెట్టుకోవాలి. విమానం వేళకు గంటన్నర ముందు చేరాలి. విమానంలో గంటా పావు. పెట్టె బెల్టు మీదకు వచ్చేదాకా ఆగి, బయటకు వచ్చి క్యాబు ఎక్కేసరికి అరగంట. శంషాబాదు నుంచి కూకట్‌పల్లికి మరో గంటా పావు. మొత్తం ఆరున్నర గంటలు.

అదే విమానంలో యలహంక నుంచి రాజేంద్రనగర్‌కు పోయేవారిని చూడండి. విమానాశ్రయానికి అరగంట, పెట్టె చెక్-ఇన్ చేయనవసరం లేదు కనుక గంటా పావు ముందు చేరితే చాలు, విమానంలో గంటా పావు, బయటపడటానికి పావుగంట, ఇంటికి ఇరవై ఐదు నిమిషాలు. మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు. ఒకే విమానం, పక్కపక్క సీట్లు అయినా ఇద్దరి ప్రయాణాల మధ్య తేడా దాదాపు మూడు గంటలు.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్నాయి. అక్కడి నుంచి విమానాశ్రయం సుమారు 40, 45 కిలోమీటర్లు. తెల్లవారుజామున గంటలోపే చేరవచ్చు. సాయంత్రం ఆరు గంటలకు బయలుదేరితే అదే దారికి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. సొంత కారు, క్యాబు కాక బీఎంటీసీ వారి వాయు వజ్ర బస్సులు నగరంలోని చాలా ప్రాంతాల నుంచి రాత్రింబవళ్లు నడుస్తాయి. హైదరాబాదులో దిగిన తరువాత అదే విధంగా పుష్పక్ బస్సులు ఉన్నాయి. పెద్దగా సామాను లేని ఒంటరి ప్రయాణికుడికి ఈ బస్సులు క్యాబు ఖర్చులో చిన్న భాగంతోనే పని జరిపిస్తాయి, వర్షం రోజున క్యాబు దొరక్క నిలబడే బాధ కూడా తప్పిస్తాయి.

విమానాశ్రయానికి ఎంత ముందుగా చేరాలి?

దేశీయ ప్రయాణానికి రెండు గంటల ముందు రమ్మని సంస్థలు చెబుతాయి. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానం వేళకు 60 నిమిషాల ముందు మూసేస్తారు. బోర్డింగ్ గేటు సంస్థను బట్టి 20, 25 నిమిషాల ముందు మూసేస్తారు. వెబ్ చెక్-ఇన్ ముందే చేసుకొని, చేతి సంచితో మాత్రమే వచ్చేవారికి గంటా పావు చాలు. ముఖాన్ని గుర్తించి లోపలికి పంపే డిజి యాత్రలో ముందుగా నమోదు చేసుకుంటే ప్రవేశ ద్వారం దగ్గరి వరుస చాలావరకు తప్పుతుంది. ఈ సదుపాయం బెంగళూరులో 2022 డిసెంబరులోనే మొదలైంది, హైదరాబాదులోనూ ఉంది.

బెంగళూరులో రెండు టెర్మినళ్లు ఉన్నాయన్న సంగతి మరువకూడదు. రెండో టెర్మినల్ 2023 జనవరి నుంచి దేశీయ విమానాలకు వాడుకలోకి వచ్చింది. మీ విమానం ఏ టెర్మినల్ నుంచో టికెట్టు మీద చూసుకొని, క్యాబు డ్రైవరుకు బయలుదేరేటప్పుడే చెప్పడం మంచిది.

మరొక మాట. ఊరగాయ జాడీలను చేతి సంచిలో పెట్టుకోవద్దు. నూనె తేలే ఆవకాయను భద్రతా తనిఖీలో ఆపేస్తారు. దాన్ని గట్టిగా మూతపెట్టి, రెండు మూడు పొరలు చుట్టి, చెక్-ఇన్ పెట్టెలోనే ఉంచాలి. అంటే పండుగకు వెళ్లి వచ్చేటప్పుడు చేతి సంచి ప్రయాణం కుదరదు. ఆ అరగంటను కూడా లెక్కలో కలుపుకోవాలి.

రైలు, బస్సులతో పోలిస్తే విమానం నిజంగా లాభమా?

రైళ్లలో అన్నింటికన్నా వేగమైనది 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ – యశ్వంతపుర వందే భారత్. మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా సుమారు ఎనిమిదిన్నర గంటలలో చేరుస్తుంది. పగటి రైలు కనుక రోజులో ఎక్కువ భాగం అందులోనే గడుస్తుంది. రాత్రి రైళ్లకు ఇంకా రెండు మూడు గంటలు ఎక్కువ.

రాత్రి బస్సుకు తొమ్మిది నుంచి పది గంటలు. మడివాల, మారతహళ్లి, హెబ్బాళ వంటి చోట్ల ఎక్కించుకొని, తెల్లవారేసరికి ఆరాంఘర్, మెహదీపట్నం, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్‌లలో దించే బస్సులు చాలా ఉన్నాయి. ఇంటి దగ్గర ఎక్కి ఇంటి దగ్గర దిగవచ్చు.

మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. ఉదయం పోయి పని చూసుకొని సాయంత్రానికి తిరిగి రావాలంటే విమానం తప్ప మార్గం లేదు. కానీ ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మియాపూర్‌కు శుక్రవారం రాత్రి పోయేవారికి, పడుకోగలిగే అలవాటు ఉంటే, స్లీపర్ బస్సే మేలు. విమానం వల్ల మిగిలేది రెండున్నర, మూడు గంటలు మాత్రమే. విమాన ప్రయాణపు గంటలేమో మెలకువతో, వరుసలలో నిలబడి గడిపేవి. ఇద్దరు పిల్లలతో, పెద్ద సామానుతో పోయే కుటుంబానికి మాత్రం రైలు సుఖం. పిల్లలు నడవగలరు, ఇంటి భోజనం విప్పుకొని తినవచ్చు, సామాను తూకానికి భయపడనక్కరలేదు.

రోజులో ఏ వేళ విమానం నమ్మకంగా సమయానికి నడుస్తుంది?

సాధారణంగా ఉదయపు విమానాలు. ఒకే విమానం రోజంతా ఊరి నుంచి ఊరికి అనేక విడతలు తిరుగుతుంది. పొద్దున ఎక్కడో జరిగిన ఇరవై నిమిషాల ఆలస్యం ఒక్కో మజిలీలో పెరుగుతూ, రాత్రి తొమ్మిది గంటల విమానానికి గంటన్నర అవుతుంది. రాత్రి అదే ఊళ్లో ఆగిన విమానం పొద్దున్నే బయలుదేరితే ఈ బాధ ఉండదు.

అయితే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా దేవనహళ్లిలో తెల్లవారుజామున పొగమంచు పట్టే రోజులు ఉంటాయి. సముద్ర మట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున, చుట్టూ ద్రాక్ష తోటలు, చెరువులు ఉన్న ఆరుబయలు ప్రాంతం కనుక నగరంలో లేని మంచు అక్కడ కనిపిస్తుంది. ఆ నెలలలో తొమ్మిది, పదకొండు గంటల మధ్య విమానం ఎంచుకోవడం తెలివైన పని. ఏప్రిల్, మే నెలలలో పరిస్థితి తలకిందులు: సాయంత్రం ఉరుములతో వచ్చే జడివానలు రాకపోకలను ఆపుతాయి కనుక మధ్యాహ్నంలోపే ప్రయాణం ముగించుకోవడం మంచిది.

కిటికీ సీటు ఎటువైపు తీసుకోవాలి?

హైదరాబాదుకు పోయేటప్పుడు పగటి విమానమైతే కుడి వైపు తీసుకోండి. విమానం దిగడం మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకు, ఆకాశం తేటగా ఉంటే, శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు నల్లమల కొండల అంచున చేతివేళ్లలా చీలి పరుచుకొని కనిపిస్తాయి. వర్షాలు బాగా పడిన సెప్టెంబరు, అక్టోబరులలో ఆ నీరు నిండుగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు.

అమ్మానాన్నలు మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

వారిని మూడు గంటల ముందు రమ్మనండి. హడావుడి లేకపోతే సగం భయం తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నా, ఎక్కువ దూరం నడవలేకపోయినా, టికెట్టు కొనేటప్పుడే వీల్ చైర్ సహాయం కావాలని నమోదు చేయండి. చివరి రెండు రోజుల దాకా ఆగవద్దు. వీల్ చైర్ తీసుకోవడానికి పెద్దవారు మొహమాటపడతారు. తనిఖీలన్నింటినీ దాటించి గేటు దాకా ఒక మనిషి తోడుగా వస్తాడని, దిగిన తరువాత బయటిదాకా దించుతాడని చెబితే ఒప్పుకుంటారు.

టికెట్టు మీది పేరు ఆధార్ కార్డు మీది పేరుతో సరిపోవాలి. ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా వ్రాయడం మనవారిలో మామూలు. కార్డును ముందు పెట్టుకొని, చూసి టైపు చేయండి. చాలా విమానాశ్రయాలలో ఇప్పుడు బోర్డింగ్ పిలుపులు మైకులో వినిపించవు; తెర మీద గేటు నంబరు చూసుకోవాలని, గేటు మారవచ్చని వారికి ముందే చెప్పాలి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ పడితే గుటకలు వేయమని, నోట్లో చాక్లెట్టో వక్కపొడో వేసుకోమని చెప్పండి. ఈ మార్గంలో ఎక్కడం, దిగడం రెండూ వెంటవెంటనే జరుగుతాయి కనుక చెవుల ఇబ్బంది పెద్దవారికి కాస్త కొత్తగా అనిపిస్తుంది. జలుబు ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరడం మంచిది.

బెంగళూరు నుంచి మిగతా తెలుగు ఊళ్లకు దూరాలు ఎంత?

నేరు దూరాలు చెబుతున్నాము: రేణిగుంటకు సుమారు 205 కిలోమీటర్లు, గన్నవరానికి 496, రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడికి 618, విశాఖపట్నానికి 775. చెన్నై 268 కిలోమీటర్లు. గన్నవరానికి హైదరాబాదు కన్నా కొద్ది నిమిషాలే ఎక్కువ. విశాఖకు గంటా నలభై నిమిషాల ప్రాంతంలో పెట్టుకోవచ్చు. విశాఖ మార్గం ఈశాన్యంగా పోతుంది కనుక అక్కడ గాలి ప్రభావం తెలుస్తుంది. వానాకాలంలో పై ఎత్తులలో తూర్పు నుంచి పడమరకు గాలులు బలంగా ఉంటాయి, అందుకే అప్పుడు విశాఖ నుంచి వచ్చే ప్రయాణం పోయే ప్రయాణం కన్నా కొద్దిగా త్వరగా ముగుస్తుంది.

తిరుపతికి విమానం గురించి ఆలోచించవద్దు. కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా 250 కిలోమీటర్ల రోడ్డు. దేవనహళ్లికి పోయి, ఆగి, ఎగిరి, రేణిగుంట నుంచి కొండకు చేరే లోపల కారులో పోయినవారు గదిలో స్నానం ముగించుకుంటారు. సంక్రాంతి వారంలో మాత్రం గోదావరి జిల్లాలకు పోయేవారికి టికెట్టు దొరకడమే కష్టం కనుక తేదీలు ఖరారు కాగానే కొనేయాలి.

విమానం ఆలస్యమైనా, రద్దయినా మనకు ఏ హక్కులు ఉన్నాయి?

పైన చెప్పిన బ్లాక్ టైమ్ ఇక్కడ అక్కరకు వస్తుంది, ఎందుకంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాలు దాన్నే కొలతగా తీసుకున్నాయి. బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉన్న విమానం రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే, ఎదురుచూసే ప్రయాణికులకు సంస్థ ఉచితంగా భోజనం, ఫలహారం ఇవ్వాలి. ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేటట్లయితే వేరే విమానంలో పంపాలి, లేదా పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి; ఏది కావాలో ఎంచుకునే హక్కు ప్రయాణికునిదే.

సరైన సమయంలో తెలియజేయకుండా రద్దు చేస్తే, వాపసుతో పాటు పరిహారం కూడా ఉంటుంది. బ్లాక్ టైమ్ గంట లోపు ఉంటే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల లోపు ఉంటే 7,500 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. హైదరాబాదు విమానం గగనంలో ఉండేది గంటలోపే అయినా, టికెట్టు మీది సమయం గంట దాటుతుంది కనుక అది రెండో తరగతిలోకే వస్తుంది. కౌంటరు దగ్గర ఎవరైనా మొదటి మొత్తమే వర్తిస్తుందని అంటే టికెట్టు చూపించి అడగవచ్చు. వాతావరణం, రాజకీయ అశాంతి వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు. నియమాలను అప్పుడప్పుడూ సవరిస్తుంటారు కాబట్టి అడిగే ముందు డైరెక్టరేట్ వారి ప్రస్తుత పత్రాన్ని ఒకసారి చూసుకోండి. సంస్థ నుంచి వచ్చిన సందేశాలను, అవి వచ్చిన వేళతో సహా, ఫోనులో చెరిపేయకుండా ఉంచుకోండి. ఎప్పుడు తెలియజేశారన్న దాని మీదే పరిహారం వస్తుందో రాదో తేలుతుంది.